అనులోమం – ప్రతిలోమం

మేము ఉండేది శ్రీనగర్ కాలనీ. నిగమాగమం దాటి నాలుగడుగులు వేస్తే మా ఇల్లు. అసలు శ్రీనగరాన్ని నేను ఏనాడూ చూడలేదు. మంచు అన్న మాట వినగానే నాకు మనసులో మెదిలేది ప్రబంధాల్లోని హిమవద్వర్ణనే. అటువంటి నా ఇంట్లోకి మొన్నటి ధనుర్మాసంలో మా అబ్బాయి ఒక జత స్కీలు మోసుకొచ్చాడు. సియాటిల్‌లో ఉంటాడు. ఇక్కడ పది రోజులుండి, స్నేహితులతో కలిసి గుల్మార్గ్ వెళ్ళాలని అతని సంకల్పం.

"జారడానికి సరే, కొండ ఎక్కడం ఎలాగురా?" అని అడిగాను. అక్కడ తీగబండి మనుషులను దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు చేరుస్తుందట. అది పోని వాలులకు మాత్రం కాళ్ళతోనే ఎక్కాలట. అందుకని స్కీల అడుగున పొడవాటి పట్టీలు అంటిస్తారు. వాటిని స్కిన్స్ అంటారు, అంటే తోళ్ళు. పూర్వం సీలు చర్మంతో చేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఫ్రెంచివారు నేటికీ వాటిని సీలు తోళ్ళనే పిలుస్తారు. ఇప్పుడు సీలు లేదు. అంగోరా మేక బొచ్చుతోనో, నైలానుతోనో, రెండూ కలిపో నేస్తారు. ఆ మేక బొచ్చు పేరు మోహెయిర్. అరబ్బీలో 'ఎంపిక చేసినది' అనే అర్థమున్న ముఖయ్యర్ అన్న మాట నుంచి పుట్టిందది. మేక బొచ్చు హాయిగా జారుతుంది, బరువు తక్కువ. నైలాను గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. మావాడు 70 పాళ్ళు బొచ్చు, 30 పాళ్ళు నైలాను కలిసినవి ఎంచుకున్నాడు.

"ఒకసారి నిమిరి చూడండి నాన్నా" అన్నాడు. ముందునుంచి వెనక్కి నిమిరితే పిల్లి వీపులా చెయ్యి జారిపోయింది. వెనకనుంచి ముందుకు తోస్తే వెంట్రుకలు నిక్కి అరచేతికి అడ్డం పడ్డాయి. స్కీ ముందుకు జరుగుతుంది గానీ వెనక్కి జారదు. కిటుకంతా ఇదే.

నేను ఉలిక్కిపడ్డాను. లోమమంటే వెంట్రుక. వెంట్రుకల వాలున పోయేది అనులోమం, ఎదురు పోయేది ప్రతిలోమం. ముప్పై యేళ్ళు ఈ మాటలు పాఠం చెప్పాను. వివాహ భేదాలు చెప్పాను, వేంకటాధ్వరి రాఘవయాదవీయంలో ముందునుంచి చదివితే రాముడి కథ, వెనకనుంచి చదివితే కృష్ణుడి కథ వస్తాయని పిల్లలను అబ్బురపరిచాను. ఆ మాటల మూలార్థం మాత్రం నా అరచేతికి ఆనాడే తెలిసింది.

తోళ్ళు కొన్నప్పుడు నిలువునా ఒకే వెడల్పుతో ఉంటాయి. స్కీ మాత్రం రెండు కొనల వద్ద వెడల్పుగా, నడుము వద్ద సన్నగా ఉంటుంది. అందుచేత స్కీలో అతి వెడల్పైన చోటికి సరిపోయే తోలు కొని, మిగిలినది కోసివేయాలి. హాల్లో రెండు కుర్చీల మీద స్కీని తలకిందులుగా పడుకోబెట్టాం. ముందుకొనకు కొక్కెం తగిలించి, నడిమధ్యగా అంటించి, తోకవైపు బిగించాడు. నేను స్కీని కదలకుండా పట్టుకున్నాను. అతను చిన్న కోతపరికరాన్ని ఉక్కు అంచుకు ఆనించి, ఈ కొననుంచి ఆ కొనదాకా ఒకే ఊపున లాగాడు. అంచు పక్కన సుమారు 2 మిల్లీమీటర్ల మేర తోలు ఉండకూడదట. గట్టి మంచులో కరిచి పట్టుకునేది ఆ ఉక్కు అంచే. అది కప్పుబడితే మనిషి పక్కకు జారిపోతాడు. మరీ ఇరుకుగా కోస్తే ఎక్కేటప్పుడు పట్టు చాలదు.

తరువాతి తప్పు నాది. కోసిన తోలును మా ఆవిడకు చూపుదామని గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళాను. చేయి జారింది. జిగురు వైపు తిరగబడి ముగ్గు మీద పడింది. ఒక జానెడు మేర పిండి అంటుకుంది. తుడిచాను, పోలేదు. ఎవరూ చూడలేదని జిగురుకు జిగురు చేర్చి మడిచి సంచిలో పెట్టేశాను. ముప్పై యేళ్ళు పిల్లల తప్పులను ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి, నా తప్పును మడిచి దాచాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్‌లో మంచుచరియ విరుచుకుపడి ఇద్దరు పోలండు దేశీయులు మరణించిన వార్త గుర్తుకొచ్చింది. దానికీ జిగురుకూ సంబంధం లేదని తెలుసు. అయినా కొండ మీద తోలు ఊడి నిలబడిపోయిన కొడుకే కళ్ళముందు కదిలాడు. తెల్లవారుజామున నాలుగింటికి అతణ్ణి లేపి సంగతి చెప్పాను.

కోప్పడలేదు. దీపం వేసి, మడత విప్పాడు. పిండి రెండో సగానికి కూడా పాకింది. మొండి రేకుతో నెమ్మదిగా గీకి, తన వద్దనున్న గొట్టంలోంచి కొత్త జిగురు పలుచగా పూసి, ఆరబెట్టాడు. సూర్యుడు వచ్చేదాకా ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాం. "మీరు చెప్పకపోతే నాకు కొండ మీదే తెలిసేది నాన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

విదేశం వెళ్ళనంటే వెళ్ళనని నేనూ, వెళ్తానని అతనూ పట్టుబట్టిన రోజులున్నాయి. వాడు నాకు ప్రతిలోమమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఉదయం మాత్రం ఆ మాట మనసుకు రాలేదు.

వారం తరువాత ఫోను వచ్చింది. గాలి హోరు మధ్య రెండే మాటలు వినబడ్డాయి. "అంటుకున్నాయి నాన్నా!"

కోతలో మిగిలిన ఒక సన్నని బొచ్చు పేలిక నా వద్ద ఉంది. జిగురు వైపు కాగితం అంటించి, శబ్దరత్నాకరంలో లకారం పుటల మధ్య గుర్తుగా పెట్టుకున్నాను. నిఘంటువు తీసినప్పుడల్లా ఒకసారి అటూ, ఒకసారి ఇటూ నిమురుతూ ఉంటాను.