మూడవ వాటా

చిత్రం ముగియకమునుపే దీపాలు వెలిగించే మనుషులపట్ల నాకు చిరకాలంగా ఉన్న కోపం మొన్న శనివారం రాత్రి మా యింటిలోనే, నేను పిలిచిన అతిథుల మధ్యనే, మరల రగిలింది. ఎడిసన్‌లో మేము నాలుగు తెలుగు కుటుంబాలవారం నెలకొకమారు కూడి, పప్పూ పులుసూ ఆరగించి, ఒక చిత్రం చూచుట ఆచారం. ఈ పర్యాయం వంతు నాది గనుక ‘బిగ్ నైట్’ ఎన్నుకున్నాను. స్టాన్లీ టుచీ, క్యాంప్‌బెల్ స్కాట్ కలసి దర్శకత్వం వహించగా 1996లో వచ్చిన ఆ కథ జరిగేది మా న్యూజెర్సీ సముద్రతీరంలోనే, 1950ల కాలంలో.

ఇటలీనుండి వలసవచ్చిన అన్నదమ్ములిద్దరి భోజనశాల మూతపడే దశకు వస్తుంది. లూయీ ప్రీమా అనే ప్రసిద్ధ గాయకుడు విచ్చేస్తాడన్న మాట నమ్మి, ఉన్నదంతా ఊడ్చి విందు చేస్తారు, ఆయన రాడు, ఆ రాత్రే అన్నదమ్ములు సముద్రపుటొడ్డున కలియబడతారు. తెల్లవారిన పిమ్మట తమ్ముడు వంటగదిలో గుడ్లు గిలకొట్టి పెనం మీద అట్టు పోస్తాడు. సరిగ్గా అక్కడ మా అతిథులలో ఒకరు దీపం వేసినారు. మరొకరు బూట్లు వెదకుకొంటూ “ఇక అయిపోయినట్టేగా” అన్నారు.

అయిపోవడమా! సుమారు అయిదు నిమిషాలపాటు, కెమెరా దాదాపు చలింపక, పనికుర్రవానికి వేసిన ఒక చిన్న ప్రశ్న తప్ప మాట లేక, నూనె చిటపటలూ గరిట చప్పుడూ మాత్రమే వినవస్తుండగా, అన్న వచ్చి కూర్చోవడమూ, తమ్ముడు లేచి వడ్డించడమూ, తింటూ తింటూ ఒకరి భుజాన ఒకరు చేయి వేయడమూ చూడనివాడు ఆ చిత్రంలో చూచినదేమిటి?

యంత్రాలకూ ఇదే తొందర. జూజో ఇటామి 1985లో తీసిన జపాను చిత్రం ‘టంపోపో’ చివర, పేర్లు సాగుతుండగా ఒక తల్లి బిడ్డకు పాలిస్తూ ఉంటుంది. భోజనాన్ని గూర్చిన కథకు అంతకన్న ఆదిమూలమైన ముగింపు నేనెరుగను. మా టీవీలోనో, పేర్లు మొదలుకాగానే బొమ్మ మూలకు ముడుచుకొనిపోయి, తరువాతి చిత్రపు ప్రకటన తెరనంతా ఆక్రమిస్తుంది. తల్లీబిడ్డలు తపాలాబిళ్ళంత అవుతారు.

మనకు మౌనం చేతకాదని మా యింట ఒకరు వాదించినారు. మన వెండితెర భోజనం పాటతోనే సాగిందనుట నిజమే. 1957నాటి ‘మాయాబజార్’లో రంగారావుగారి ఘటోత్కచుడు పాడుతూనే ఆరగించినాడు, ఆ వైభవం వేరు. కాని ఆ మౌనం తెరమీద లేనంత మాత్రాన ఇళ్ళలో లేదనవచ్చునా?

గట్టు తగాదాలో మా నాన్నా పెదనాన్నా ఒకరిపై ఒకరు చేయిచేసుకున్న మరునాటి ఉదయం, నాయనమ్మ ఇద్దరి కంచాలూ పక్కపక్కనే పెట్టి, చద్దన్నంలో మజ్జిగ పోసి, మాగాయ ఊట వేసి, గుమ్మానికి ఆనుకొని నిలుచున్నది. నాన్న ఉల్లిపాయను పిడికిటితో చితుకగొట్టి, పెద్ద చెక్క అన్నగారి కంచంలో వేసినాడు. పెదనాన్న తల ఎత్తలేదు, తిన్నాడు. ‘బిగ్ నైట్’లో వండినవాడే తగవులాడినవాడు, మా యింట తగవు మగవారిది, వంట ఆమెది; కనుక నా పోలిక ఇంతకుమించి సాగదు.

శనివారంనాడు కుర్చీ కదలనిది ఒక్కరే, తెనాలినుండి కొడుకువద్దకు వచ్చిన ఒక పెద్దావిడ. ఇంగ్లీషు రానందున రెండు గంటలసేపు ఓపికతో కూర్చున్నదనుకొన్నాను. తెరమీద తమ్ముడు అట్టును మూడు చేసి, కుర్రవానికొకటి పెట్టి, తానొకటి తీసుకొని తింటున్నాడు. అన్న ఇంకా రాలేదు. ఆమె తెరమీదనుండి చూపు మరల్చకుండా అన్నది:

“లైటు తీసెయ్యి నాయనా. మూడో ముక్క పెనంలోనే ఉంచాడు చూడు. ఆ పెద్దవాడు వస్తాడు.”