కలము పట్టిన కొత్తలో

తలవ్రాత మన చేతిలో లేకపోయినా చేతివ్రాత మన చేతిలోనే ఉన్నదని పిల్లలకు పాఠము చెప్పేటప్పుడు మేము తరచు అంటూ ఉంటాము. ఆ మాట మాకే అప్పగింపబడుతుందని అనుకోలేదు. తెలుగు చెప్పుకొని బ్రతికే మేము ముప్పది అయిదవ యేట వెదురు కలము పట్టి ఉర్దూ అక్షరాలు దిద్దడానికి కూర్చున్నామని తెలిసి మా సహోద్యోగులు నవ్వుకున్నారు. వారి నవ్వులో తప్పు లేదు.

మా ఇంటి మాట ఉర్దూ. మా బడి మాట తెలుగు. ఆ విధంగా మాకు నోటికి ఒక భాష, చేతికి ఒక భాష వచ్చినవి. చిన్ననాడు మసీదులో ఖురాన్ షరీఫ్ చదవడము నేర్చుకున్నాము గనుక అక్షరజ్ఞానము లేకపోలేదు. అయితే ఆ గ్రంథము నస్ఖ్ లిపిలో ఉంటుంది. అక్షరాలు ఒకే గీత మీద వరుసగా నడుస్తాయి. ఉర్దూ వ్రాసేది నస్తాలీఖ్ లో. పదము పైనుండి మొదలై మెట్లు దిగినట్లు ఎడమకు జారుతుంది. అక్షరాలు ఒకదానిలో ఒకటి కరగిపోతాయి. మసీదులో చదువుకున్న కండ్లకు అది అడవివలె తోచేది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో మేము ఎం.ఏ. చదివే రోజులలో సూళ్లూరుపేట నుండి బస్సులో ఎవరైనా తెలిసినవారు వస్తూ ఉంటే అమ్మీ నిమ్మకాయ ఊరగాయ డబ్బా పంపేది. అందులో ఒక చీటీ ఉండేది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అబ్బాజాన్ జేబులో ఉండేది గనుక అమ్మీ మాటలన్నీ చీటీలలోనే వచ్చేవి. వాటిని గదిలోని కడప మిత్రుడు చదివి వినిపించేవాడు. అమ్మీ గతించిన తరువాత పెట్టె తెరిస్తే 31 చీటీలు ఉన్నవి. కన్నతల్లి వ్రాత చదవడానికి ఇంకొకరిని పిలువవలసిన స్థితి ఆనాడు మాకు సిగ్గనిపించింది.

మా వీధిలో ఒక వృద్ధులు ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు చెన్నపట్నము తిరువళ్ళిక్కేణిలో కాతిబుల దగ్గర వ్రాత నేర్చినవారు. 1927లో సయ్యద్ అజ్మతుల్లాగారు స్థాపించిన 'ముసల్మాన్' దినపత్రిక ఆ పేటలోనే దశాబ్దాల తరబడి చేతితో వ్రాయబడి వెలువడింది. ఒక్కొక్క పుటకు సుమారు మూడు గంటలు పట్టేదట. ఉస్తాద్ గారు మమ్ము చూచి, "బేటా, ముందు కలము చెక్కడము నేర్చుకో" అన్నారు. వారమంతా వెదురు పుల్లలు చెక్కి మొన ఏటవాలుగా కోయడముతోనే సరిపోయింది. తరువాత సిరా: దీపపు మసి, తుమ్మబంక. దవాతులో పట్టుదారపు ఉండ వేస్తే కలము అవసరమైనంత సిరానే తీసుకుంటుంది.

ఇక్కడ మూడు కలముల భేదము మాకు బోధపడింది. తాటాకు మీద మన పూర్వులు వాడిన గంటము గీరుతుంది. లావు సన్నము ఎరుగదు. గీరిన చోట మసి పూస్తే అక్షరము కనబడుతుంది. అడ్డగీతకు ఆకు చీలుతుంది గనుకనే మన లిపి గుండ్రబడినదని పండితులు అంటారు. మా పెద్దలు బడిలో సిరాబుడ్డిలో ముంచి వ్రాసిన ఉక్కుపాళీకి సూదిమొన, నడుమ చీలిక. ఒత్తితే చీలిక విచ్చి గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. వెదురు కలమునకు ఒత్తిడితో పని లేదు. మొన వెడల్పు, చేయి పట్టిన వాలు, ఈ రెండే గీతను నిర్ణయిస్తాయి. బాల్ పెన్నుతో పరీక్షా పత్రాలు దిద్ది దిద్ది ఒత్తడము అలవాటైన మా చేతికి ఇది కొరకరాని కొయ్య అయినది. "కలమును శిక్షించకు బేటా" అని ఉస్తాద్ గారు ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు.

కలముతో పెట్టిన చుక్కయే కొలత. దానిని నుఖ్తా అంటారు. పదవ శతాబ్దములో బాగ్దాదు నగరపు ఇబ్న్ ముఖ్లా అక్షరాలను చుక్కలతో కొలిచే పద్ధతి ఏర్పరచినాడని చెబుతారు. నస్తాలీఖ్ లో అలిఫ్ ఎత్తు మూడు నుఖ్తాలు. నిలువుగీత ఒక్కటే గదా అనుకున్నాము. నాలుగు నెలలు పట్టింది. 'నూన్' వ్రాస్తే తెలుగు సున్నా అయ్యేది. ఒకనాడు శ్రీహరికోటలో రాకెట్టు లేచి కిటికీలు అదిరి మా అలిఫ్ వంకరపోయింది. "అంత బరువైనది నిటారుగా పోయింది, నీ అలిఫ్ కు ఏమి బరువు?" అన్నారు ఉస్తాద్ గారు.

ఎనిమిదవ నెలలో చీటీలు తెరిచాము. వ్రాసి నేర్చిన మలుపులను కన్ను గుర్తుపట్టసాగింది. ఊరగాయ నూనె మరకలు, కుశలములు, జాగ్రత్తలు, అన్నీ విన్నవే. పందొమ్మిదవ చీటీలో విననిది ఒకటి కనబడింది. "చదివే బాబూ, ఈ మాట వానికి వినిపించకు. పరీక్ష రుసుముకు నా కమ్మలు కుదువ పెట్టాను. వాడు రాత్రిపూట తింటున్నాడో లేదో నీవు చూడు."

ఆ తరువాత అమ్మీ చెవులకు కమ్మలు మేము చూడలేదు. వయసు మీరిన వారు నగలు మానుకుంటారని అనుకున్నాము. కొడుకుకు చదవడము రాదన్న ధైర్యముతోనే అమ్మీ కొడుకు చేతికే ఆ రహస్యము పంపింది. మిత్రునికి ఫోను చేసి అడిగితే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ మాట మీ అమ్మీ నాకు వ్రాసింది గదా భాయ్, నీకు కాదు" అన్నాడు. రాత్రి అన్నము తినకుండా పడుకుంటే అతడు మమ్ము ఎందుకు లేపేవాడో అప్పుడు తెలిసింది.

విద్యార్థి మిత్రులారా! 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చిన పిదప ఉర్దూ అక్షరాలను యంత్రము కూర్చసాగింది. అది పెట్టే అలిఫ్ ఎన్నడూ వంకరపోదు. దానితో మాకు తగవు లేదు. ఈ సంచికలోని ఉర్దూ పుటలు కూడ దాని చలవే. అయినా మీ ఇంటి పెట్టెలో పెద్దల వ్రాత ఏ లిపిలో ఉన్నదో ఒకసారి చూడండి. వారు ఉన్నప్పుడే చదువగలిగితే, ఏదైనా అడగడానికి వీలుంటుంది. మాకు ఆ వీలు లేకపోయింది.

మా అలిఫ్ ఇంకా కొంచెము ఎడమకు వాలుతూనే ఉన్నది. రేపు అసర్ నమాజు తరువాత మళ్ళీ కూర్చోవాలి.