షోలాపురములో రెండు భాషల కాపురము

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు దూరదేశవాసపు సంగతి తెలియని యిల్లు అరుదు. జగిత్యాల, కోరుట్లల నుండి పురుషులు దుబాయికి, మస్కటునకు, కువైటునకు బోయి, పని చేయుచునే నాలుగు అరబ్బీ మాటలు నేర్చుకొందురు. సిరిసిల్ల నేతపనివారో, తరతరములుగా ఆలుబిడ్డలతో గూడ భీవండికి, షోలాపురమునకు తరలిపోయిరి. పురుషుడొంటరిగా బోయినచోట భాష జీతముకొరకు; కుటుంబము బోయినచోట భాష కాపురముకొరకు. ఈ భేదమును నేను షోలాపురమున మా చెల్లెలి యింట పది మాసములుండి కన్నులార జూచితిని.

సికింద్రాబాదున రైలెక్కినచో వికారాబాదు, తాండూరుల వరకు తెలుగు వినవచ్చును. వాడి, కలబురగి స్టేషనులలో కన్నడము. ఆ తరువాత మరాఠీ. ఒక్క పగటి ప్రయాణములో మూడు భాషలు చెవిని బడును. షోలాపురమున దిగి నగరపు తూర్పుభాగమునకు బోయితిమా, మరల తెలుగే! వీధి పొడవునను మగ్గముల చప్పుడు, మార్కండేయుని గుడి, అరుగులపై బీడీలు చుట్టు స్త్రీలు. తడిపిన తునికాకును కత్తెరతో గత్తిరించుట, పొగాకు నించి చుట్టుట, దారము గట్టుట, అంతయు మా కోరుట్ల వాడలలో జూచిన తీరే. అచట 1877వ సంవత్సరమున నూలుమిల్లు వెలసినది. పిమ్మట మిల్లులు పెరుగుకొలది తెలుగుసీమల పద్మశాలీలు వచ్చి స్థిరపడిరి. ఆ పాతమిల్లు మూతపడినను, చిన్న కార్ఖానాలలో దుప్పట్లు, తువాళ్లు నేయుట మానలేదు. నగరమధ్యమున సిద్ధేశ్వరుని చెరువు, నీటినడుమ నాలయము, చేరువనే పాతకోట. సాయంకాలమున నచటికి బోయిన వారికి మూడు భాషల మాటలును ఒక్క గట్టుపైననే వినబడును.

మా చెల్లెలి పొరుగున నొక మరాఠీ యిల్లాలుండెను. నేను సాయంతనములందు వీధి పిల్లలకు తెలుగక్షరములు దిద్దించుచుండగా, ఆమె మధ్యాహ్నములందు నాకు మరాఠీ నేర్పెను. ఆ భాషలో ‘మీ’ యనిన ‘నేను’ అని యర్థము! కొత్తగా వచ్చిన తెలుగువారందరును ఇచట నొక క్షణము తెల్లబోవుదురు. మన వ్యాకరణమున దీపము, నది, ఇల్లు అన్నియు అమహత్తులే. మరాఠీలో దివా పుంలింగము, నదీ స్త్రీలింగము, ఘర్ నపుంసకము. ‘వచ్చితిని’ యని మనలో నెవరైనను అనవచ్చును. అచట పురుషుడు ‘మీ ఆలో’ యనును, స్త్రీ ‘మీ ఆలే’ యనును. నవలను వారు ‘కాదంబరి’ యందురు. బాణభట్టు కథ పేరు ఆ భాషలో కథలజాతి కంతటికిని పేరైనది.

భేదములకంటె చుట్టరికములే నాకు మిక్కిలి ప్రీతి గొలిపినవి. మనము ‘మేము’ అనియు ‘మనము’ అనియు వేరుచేసి పలుకుదుము గదా. మరాఠీవారును ‘ఆమ్హీ’ యనియు ‘ఆపణ్’ అనియు వేరుచేయుదురు. హిందీలో నీ భేదము లేదు. ఇల్లు విడుచునపుడు మనము ‘పోవుచున్నాను’ అనక ‘పోయివచ్చెదను’ అందుము. మరాఠీ స్త్రీయు ‘యేతే’, అనగా ‘వచ్చుచున్నాను’ అనియే సెలవు పుచ్చుకొనును. పోవుటను నోట బలుకరాదను తలపు రెండు భాషల స్త్రీలకును ఒక్కటియే.

ఇక కష్టముల మాట. సిరిసిల్ల నుండి కాపురమునకు వచ్చిన యొక చిన్నది బిడ్డకు జ్వరము వచ్చినపుడు పదేండ్ల పెద్దకుమారుని వెంటబెట్టుకొనియే ఆస్పత్రికి బోవుచుండెను. వైద్యుని ప్రశ్నలను ఆ బాలుడు తెలుగున దల్లికి జెప్పవలెను. తల్లి మాటను మరాఠీలో వైద్యునికి జెప్పవలెను. స్త్రీలు తమ శరీరబాధలను గన్నకొడుకుచే జెప్పింపగలరా? కావున ఆ దేశభాషను నేర్చుకొనుట స్త్రీకి ముచ్చట గాదు, అవసరము.

దీనికి రెండవ వైపు ఇంకొకటి గలదు. ఆ వీధిలోని పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. సిరిసిల్ల నుండి వచ్చియుండిన యొక ముదుసలి నాతో, “పంతులమ్మా, నా మాట మనుమనికి సమజైతది గాని నా ఉత్తరం సమజుగాదు” అనెను. ఆ మాటకు నేనేమి బదులు చెప్పుదును? మా చిన్న బడికి మొదట పదునలుగురు పిల్లలు వచ్చిరి. మరాఠీ బడి పరీక్షలు సమీపించుకొలది నైదుగురే మిగిలిరి. ఆ యైదుగురిలో నామె మనుమడొకడు. వాడు గుణింతములు ముగించి, అవ్వ పాత యుత్తరములలోని పేరులను గూడబలుకుకొని చదువగలిగెను.

రెండు భాషలు నేర్చినచో నేదియు రాదని కొందరు తల్లులు భయపడుదురు. మా సీమ చరిత్ర వేరొకటి చెప్పుచున్నది. కరీంనగరము నుండి జగిత్యాలకు వచ్చు దారికి జేరువనున్న కురిక్యాల గుట్టపై పదియవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృత కన్నడాంధ్రముల మూటను గలది. అతడు వేములవాడ యాస్థానమున కన్నడభారతము రచించిన పంపకవికి తమ్ముడు. తెలుగు కందపద్యములు శిలపై నిలిచినది ఆ బహుభాషల నడుమనే. 1931లో హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు నిజాము కాలపు టుర్దూ బడులలో జదివిరి. అయినను తెలుగున ‘విశ్వంభర’ను రచించి 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. బడిలో నుర్దూ యున్నను, చెవిలో నూరివారి హరికథలును, జానపదుల పాటలును ఉండెను.

కావున సోదరీమణులారా, పరదేశమున మాతృభాషను జెఱచునది పరభాష గాదు, ఇంటిలోని మౌనము. దుబాయి యైనను, షోలాపురమైనను, అచటి భాషను మనము నేర్వవలెను. బిడ్డలు నేర్చుచుండగా నడ్డుపడరాదు. దినమునకొక యరగంట పలకపై తెలుగు దిద్దింపవలెను. మాసమునకొక యుత్తరమైనను ఊరనున్న అవ్వకు బిడ్డచేతనే వ్రాయింపవలెను. తప్పులుండిన నుండనిండు, అవ్వ వానిని లెక్కింపదు.