మార్కాపురమునుండి పొదిలికి

నల్లమల తూర్పుపాదమున నున్న మార్కాపురమును విడిచి ఆగ్నేయముగా సాగు బాట కొనకనమిట్ల ప్రాంతముమీదుగా పొదిలి చేరి, అటనుండి చీమకుర్తి మార్గమున ఒంగోలునకు దిగును. ఏడాది పొడుగునా పారు నది ఈ దారిలో లేదు; వాగులు వానతో వచ్చి వానతోడనే ఇంకిపోవును. అందుచేత అన్యత్ర నది నెరవేర్చు పోషణభారమును ఇచ్చట రాయియు ఆకును మోయుచున్నవి.

రాయి మార్కాపురముది. తెలుగునాట తరతరముల బాలురు ఓనమాలు దిద్దిన పలకలలో అనేకము ఈ గనులనుండి వచ్చినవే. తవ్వితీసిన దిమ్మను నిలువుగా నిలిపి, పొర అంచున పలుచని ఉలి మోపి సుత్తితో మెల్లగా తట్టినచో, అది పుస్తకమున పుటవలె విడివడును. తొందరపడిన చేతికి ముక్కలే మిగులును. నోటుపుస్తకములును ప్లాస్టికు పలకలును వచ్చి ఆ గిరాకి సన్నగిల్లగా, అదే రాయి నేలకును గోడలకును పరచు బిళ్లలై విదేశములకు పోవుచున్నది. రాతిపొడి మాత్రము పనివాని ఊపిరిలోనే నిలిచినది.

పూర్వము ఈ దారి రెండు జిల్లాల కొసలను కలిపెడిది: మార్కాపురము కర్నూలుది, పొదిలి నెల్లూరుది. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము పంతులు పేరు దాల్చినను, కలెక్టరు కచేరి అప్పటికి మార్కాపురమునకు దూరముగనే ఉండెను. మూలనున్న నేలకు ఏదియైనను ఆలస్యముగనే అందును గదా!

కొనకనమిట్ల, గొట్లగట్టు, పెదారికట్ల పరిసరములు మెట్టభూములు. బోరు లోతుకు పోయిన కొలది ఫ్లోరైడు భయము. నల్లమలను తొలిచి కృష్ణాజలములను తెచ్చు వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. నీరు పొలములకు చేరకమునుపే ఆనాడు పుట్టిన బిడ్డలు పెద్దవారై హైదరాబాదున కూలికి కుదిరిరి.

నిలిచినవారికి కంది, సజ్జలతోపాటు పొగాకు దిక్కు. కోసిన ఆకును కర్రలకు అల్లి, బ్యారనులో అంతస్తులుగా వ్రేలాడదీసి, పొయ్యివేడిని గొట్టములద్వారా లోనికి పంపి, దాదాపు వారముదినములు రేయింబవళ్లు కాపుండవలెను. ముందు ఆకు పసుపు తిరుగును, పిదప రంగు నిలుచును, కడపట ఈనె ఎండును. ఒక్క రాత్రి వేడి తప్పినచో రంగు చెడును, రంగుతో ధరయు చెడును.

ఆ ధర తేలుచోటు పొదిలి వేలంకేంద్రము. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు లైసెన్సు ఇచ్చి, బ్యారనుకింత పంటయని హద్దు పెట్టును గాని, కొనుమని వ్యాపారిని నిర్బంధింపజాలదు. పాట పాడువాడు లేని బేలుకు ‘నో బిడ్’ అని పేరు. పలకయైనచో గోదామున ఏండ్లు పడియుండవచ్చును. ఆకు మాత్రము వానాకాలమునకు బూజుపట్టును. ఆ సంగతి రైతుకంటె వ్యాపారికే బాగుగా తెలియును. బేలును ఇంటికి మరలించుటకును, మరల తెచ్చుటకును బండిబాడుగ రైతుదే. పంటకు హద్దు పెట్టినవారు ఆ బాడుగలోనైన పాలు పంచుకొనుట న్యాయమని నా మతము.