జేజి గదికి ఏది జత?

ఒక ఆంప్లిఫయరు చానెల్‌కు ఎన్ని స్పీకర్లు తగిలించొచ్చు? వేంపల్లెలో మా ఇంట్లో ఈ ప్రశ్న వేసింది నాయన. హాలు, పడకగది, వంటిల్లు, జేజి గది, నాలుగు చోట్లా పొద్దున్నే అన్నమయ్య కీర్తనలు వినపడాలంట. ఉన్నది ఒక పాత మోనో ఆంప్లిఫయరు, నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లు. ఆంప్లిఫయరు వెనక 4 ఓమ్‌లకు తగ్గకూడదని రాసుంది.

"అన్నీ ఒకేచోట కలిపేస్తే పోలా?" అన్నాడు నాయన.

అలా కలిపితే ప్యారలల్ అవుతుంది. ఓమ్ సూత్రం నేను ఇంగ్లీషులోనే చదువుకున్నా. నాయనకు చెప్పాలంటే చీనీ తోటే దిక్కయింది. డ్రిప్పు లైన్లు పెంచేకొద్దీ నీళ్లకు దారులు ఎక్కువవుతాయి, అడ్డు తగ్గుతుంది. స్పీకర్లూ అంతే. 8 ఓమ్‌లవి రెండు కలిస్తే 4, నాలుగు కలిస్తే 2. కానీ ఒక తేడా ఉంది. లైన్లు ఎక్కువైతే మోటారు ప్రెషర్ పడిపోతుంది, చివరి చెట్టుకు నీళ్లందవు. ఆంప్లిఫయరు మాత్రం ప్రెషర్ తగ్గనీకుండా చూస్తుంది. 12 వోల్టుల దగ్గర ఒక స్పీకరుకు 1.5 ఆంపియర్లు ఇచ్చేది, నాలుగింటికి 6 ఆంపియర్లు ఇవ్వబోతుంది. వేడెక్కుతుంది. రక్షణ సర్క్యూట్ ఉంటే ఆగిపోతుంది, లేకుంటే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.

మా వీధి మైకుసెట్టు మామ దారి చెప్పాడు. "రెండ్రెండు సిరీస్ కట్టు, ఆ జతల్ని ప్యారలల్ చెయ్."

సిరీస్‌లో 8, 8 కలిసి 16. రెండు 16లు ప్యారలల్‌లో మళ్లీ 8. ఆంప్లిఫయరుకు ఒక్క స్పీకరు ఉన్నట్టే లెక్క. ఒక్కోదానికి సగం వోల్టేజీ అందుతుంది కాబట్టి 18 వాట్లకు బదులు 4.5 వాట్లే వస్తాయి. గదిలో పాట వినడానికి అది చాలు.

సిరీస్‌కు ఒక లోపముంది. ఒకదాని వైరు తెగితే జతలో రెండోదీ మూగబోతుంది. అందుకే ఏ గదికి ఏది జత అన్న లెక్క మిగిలింది. హాలు, వంటిల్లు పక్కపక్కనే, వైరు కలిసొస్తుందని నాయన అన్నాడు. నేను మాత్రం జేజి గదినీ వంటింటినీ కలుపుదామన్నా, వైరు ఎక్కువ పట్టినా సరే.

జేజి ఎవరినీ ఏదీ అడగదు. ఫ్యాను ఆగితే విసనకర్ర తీసుకుంటుందే గానీ పిలవదు. ఆమె గదిలో స్పీకరు పోతే నెలైనా మాకు తెలీదు. ఇట్లయితే ఆ నిమిషమే వంటింట్లో పాట ఆగుతుంది, అమ్మ ఊరుకోదు.

పోయిన నెల ఎలుక ఆ వైరు కొరికింది. అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసి, "వంటింట్లో పాట రాకపోతే జేజి గదిలో చూడమని మీ నాయనను పంపించినా" అనింది. జేజి పాట ఆగినా గమ్మున కూర్చోనుందంట.