మందుల పెట్టె

20 జూలై 2023, గురువారం
మిలటరీ మాధవరం

సియాచిన్‌లో నిన్న తెల్లవారుజామున అగ్నిప్రమాదం. కెప్టెన్ అంశుమాన్ సింగ్ పోయాడు. డాక్టరు. మరికొందరికి కాలిన గాయాలు.

"మంచులో మంటేమిటండీ?" అంది మా ఆవిడ.

అక్కడ మంచుంటుంది గాని నీళ్లుండవు. తాగాలంటే స్టవ్వు మీద మంచు కరిగించుకోవాల్సిందే. నేనక్కడ పనిచేసిన రోజుల్లో వంటకీ వెచ్చదనానికీ కిరోసినే దిక్కు. బుఖారీ పొయ్యి పొగకి పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడేది. ఫైబర్ గ్లాస్ హట్టుకి నిప్పంటుకుంటే ఆర్పడానికి పారతో మంచు ఎత్తిపోయడం తప్ప పెద్దగా చేయగలిగేది లేదు. ఆపైన ఆ గాలి!

26 జనవరి 2024

కెప్టెన్ సాబ్‌కి కీర్తిచక్ర. యుద్ధం లేని చోట చూపిన సాహసానికిచ్చే పతకాల్లో అశోకచక్ర తర్వాత ఇదే. ఊరి స్తూపం దగ్గర జెండా ఎగరేశాక మావాళ్లకి చెప్పాను. సగం మందికి ఆయన పేరే తెలియదు.

6 జూలై 2024, శనివారం

నిన్న రాష్ట్రపతి భవన్‌లో ఆయన భార్య స్మృతి, తల్లి మంజు సింగ్ పతకం అందుకున్నారు. పొద్దుట్నుంచీ టీవీల్లో ఆ అమ్మాయి ముఖమే. పెళ్లయిన కొద్ది నెలలకే ఇలా అయింది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయినా, ఆయన చేసిందేమిటో కూడా నిమ్మళంగా చెప్పొచ్చుగా?

జరిగింది చందన్ డ్రాపింగ్ జోన్‌లో. షార్ట్ సర్క్యూట్‌తో మందుగుండు డంపు అంటుకుంది. పక్క హట్టులో మనుషులు చిక్కుకున్నారు. ఈయన వెళ్లి నలుగురైదుగురిని బయటకు తెచ్చాడు. అంతలో మంట వైద్య పరీక్షల షెల్టర్‌కి పాకింది. ప్రాణాధార మందుల పెట్టె అందులో ఉంది. దానికోసం లోపలికెళ్లి మరి రాలేదు.

"మనుషుల్ని కాపాడాడు సరే, మందుల కోసం మళ్లీ వెళ్లాలా మావయ్యా?" అన్నాడు అల్లుడు. బ్యాంకు ఉద్యోగి, ఆ ప్రశ్న రావడం సహజమే.

మా పోస్టులో ఓ పంజాబీ కుర్రాడికి రాత్రిపూట ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే ఆయాసం, కూర్చోబెడితే ఛాతీలో గురగుర, పెదాలు నీలం. మా డాక్టర్ సాబ్ ఆక్సిజన్ పెట్టి, మాత్రలిచ్చి, తెల్లవార్లూ వాడి నాడి పట్టుకునే ఉన్నాడు. వాతావరణం తెరిపిస్తేనే హెలికాప్టర్. అదొచ్చేదాకా వాడి ప్రాణం ఆ పెట్టెలోనే ఉంది. ఆ మంటల్లోంచి బయటపడ్డ జవానుకి, రేపు ఊపిరాడని జవానుకి అక్కడ ఇంకో మందుల షాపు లేదు.

అల్లుడికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే రెండుసార్లూ వెళ్లింది మనుషుల కోసమేనన్నమాట" అన్నాడు.

అవును. టీవీలో చెప్పాల్సిందీ అదే.