తలకిందులు కాని ఓడ

సముద్రం నడిమధ్య కొండంత అల వచ్చి పెద్ద ఓడని బోర్లించేస్తుంది. భోజనాల హాలు తలకిందులై కప్పు కాస్తా నేలవుతుంది. 1972లో వచ్చిన ‘ది పొసైడాన్ అడ్వెంచర్’ చూసినవాళ్లు ఆ సీను మరిచిపోగలరా? ఆ హాలు ఫాక్స్ స్టూడియోలో వేసిన సెట్టు. దానికి నమూనా అయిన అసలు ఓడ మాత్రం నిక్షేపంలా ఉంది. పేరు క్వీన్ మేరీ. లాస్ ఏంజెల్స్ పక్కన లాంగ్ బీచ్ రేవులో కట్టేసి ఉంచారు. ఓడ మునగకముందు వచ్చే దృశ్యాలు కొన్ని దీనిమీదే తీశారు. హాలీవుడ్ చూడ్డానికి వెళ్లినవాణ్ణి, దీన్ని చూడకుండా ఎలా వస్తాను?

నల్లటి ఒళ్లు, ఎర్రటి మూడు పొగగొట్టాలు, 1,019 అడుగుల పొడవు... హీరోయిన్ ఎంట్రీ అంటే ఇదీ! గొట్టాలు మాత్రం ఒరిజినల్ కావు. పాతవి తుప్పుపట్టిపోతే అల్యూమినియంతో కొత్తవి పెట్టారు. మేకప్ అన్నమాట!

ఈవిడ పుట్టుకే ఒక కథ. స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో 1930 చివర పని మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆర్థికమాంద్యం దెబ్బకి, డబ్బుల్లేక షూటింగు ఆగిన సినిమాలాగా, రెండేళ్లకు పైగా ఆగిపోయింది. వేలమంది పనివాళ్లు రోడ్డున పడ్డారు. ప్రభుత్వం అప్పిస్తేగాని మళ్లీ సుత్తి చప్పుడు వినపడలేదు. 1936 మేలో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి తొలి ప్రయాణం.

ఫస్ట్‌క్లాసు భోజనాల హాల్లో గోడంతా అట్లాంటిక్ పటం. దానిమీద చిన్న గాజు ఓడ కదులుతూ, అసలు ఓడ ఆ పూట ఎక్కడుందో చూపించేదట. సూపు తాగుతూ ‘సగం దూరం వచ్చేశాం’ అనుకోవచ్చు! నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అక్కడే.

యుద్ధం రాగానే బూడిదరంగు పూసి సైనికుల్ని ఎక్కించారు. 1943లో ఒక్క ప్రయాణంలో 16,683 మంది!

అయితే ఆ సినిమాలో లేని సీను ఒకటుంది. 1942 అక్టోబరు 2. పదివేలమందికి పైగా అమెరికన్ సైనికులతో ఓడ ఐర్లండ్ దగ్గరికి వచ్చింది. జలాంతర్గాముల గురి తప్పించడానికి వంకరటింకరగా పోతోంది. కాపలాకి వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక క్యురసావ్ దారికి అడ్డొచ్చింది. క్వీన్ మేరీ దాన్ని రెండు ముక్కలుగా కోసేసి ముందుకి పోయింది. ఆగలేదు. ఏం జరిగినా ఆగొద్దని ఆర్డరు. ఆగితే లోపలున్న పదివేలమంది జలాంతర్గాముల పాలవుతారు. నీళ్లలో కొట్టుకుంటున్నవాళ్లని వెనక వచ్చే నౌకలకి వదిలేశారు. 330 మందికి పైగా చనిపోయారు. ఈ సంగతి యుద్ధం అయ్యేదాకా బయటికి పొక్కనివ్వలేదు. తరవాత కోర్టుల్లో తప్పు మూడింట రెండు వంతులు నౌకాదళానిదనీ, ఒక వంతు ఓడ కంపెనీదనీ తేలింది. ఆ కెప్టెన్ స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? నాకైతే జవాబు తట్టలేదు.

జెట్ విమానాలొచ్చాక ఓడ ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. 1967లో లాంగ్ బీచ్ నగరం 34 లక్షల 50 వేల డాలర్లకు కొనుక్కుంది. పనామా కాలువలో పట్టదు కనక దక్షిణ అమెరికా చుట్టూ తిరిగి ఆ డిసెంబరులో చేరుకుంది. బాయిలర్లు పీకేసి హోటల్ చేశారు.

రాత్రిపూట దెయ్యాల టూర్లకు టిక్కెట్లు అమ్ముతారు. నేను కొనలేదు. ఓడ అడుగుకి దిగి చూశాను. నాలుగు ప్రొపెల్లర్లలో ఒక్కటే మిగిలింది, మసకనీళ్లలో. ఇక్కడికి చేరాక అది మళ్లీ తిరగలేదు.